రైలు పెట్టెలో పెళ్లిచూపులు

నన్ను చూడ్డానికి పెళ్లివారు మా ఇంటికి రాలేదు, మేమూ వాళ్లింటికి పోలేదు. ఆగిపోయిన రైల్లో, స్లీపర్ బోగీలో, కింది బెర్తు మీద కూర్చోబెట్టి చూశారు. ఎవరికి చెప్పినా పగలబడి నవ్వుతారు. ఇప్పుడు నేనూ నవ్వుతాను గానీ ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది.

తెలంగాణ ఇచ్చేస్తామని ఢిల్లీలో చెప్పేసిన రోజులవి. ఆ మాట బయటికొచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఫోను మోగని పూట లేదు. నాన్నది గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరు. పెళ్లికి ముందే ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చి, నేను పుట్టాక దిల్‌సుఖ్‌నగర్ వెనక వీధుల్లో ఇల్లు కట్టుకున్నాడు. నేను పుట్టింది హైదరాబాద్‌లోనే, పెరిగింది ఆ వీధిలోనే. ఊళ్లో చుట్టాలు రోజూ ఫోన్ చేసి, ఏదో వరద ముంచుకొస్తున్నట్టు, "ఇంకా అక్కడే ఉన్నారా? వచ్చేయండి" అనేవారు. మా వీధిలో ఏ వరదా లేదు. బంద్ నాడు షట్టర్లు దించేవారు, మర్నాడు ఎత్తేవారు.

అలాగని అబద్ధం చెప్పను. వెళ్లిపొమ్మని గోడల మీద రాతలు ఉండేవి. అవి చదివినప్పుడల్లా, నన్ను పొమ్మనడానికి నువ్వెవడివిరా అని ఆ గోడతోనే పోట్లాట పెట్టుకోవాలనిపించేది. నేను చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షలకు లెక్కలు చెప్పేదాన్ని. క్లాసులో సగం మంది నల్లగొండ పిల్లలే. పొద్దున నా దగ్గర లెక్కలు చేసి, మధ్యాహ్నం రోడ్డు మీద బైఠాయించేవారు. నా స్కూటీ కనిపిస్తే "మా మేడం రా, జర తొవ్వ ఇడువుండ్రి" అని పక్కకు జరిగేవారు. వాళ్ల రాష్ట్రం వాళ్లకు రావాలని నాకూ ఉండేది. అది వస్తే నేనెందుకు పోవాలో మాత్రం ఎన్ని రకాలుగా చేసినా లెక్క తేలలేదు.

నాన్నకు భయం పట్టుకుంది. ఆ భయంలోనే ఊరివైపు సంబంధం వెతికాడు. అబ్బాయిది విశాఖపట్నంలో ఉద్యోగం, సొంతిల్లు తుని అవతల పల్లెలో. "చూస్తే ఏం పోతుందే" అంది అమ్మ. ఏం పోతుందో నాకు బాగా తెలుసు. సంబంధం కుదిరితే నా ఉద్యోగం పోతుంది, నా ఊరు పోతుంది. అయినా నాన్న ముఖం చూసి సరేనన్నాను. అక్కడిదాకా వెళ్లి వద్దనేస్తే సరిపోతుందిలే అనుకున్నాను.

సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి గోదావరి దాటాం. ఉన్నమాట చెప్పుకోవాలి, అంత పచ్చదనం మా ఎల్‌బీ నగర్ చౌరస్తాలో చచ్చినా దొరకదు. ఒకపక్క వరిచేలు, కొబ్బరితోటలు, ఇంకోపక్క రైలు వెంటే నడిచొచ్చే కొండలు. తుని దాటాక గాలి ఉప్పగా తగిలింది. ఆ తాడితోపుల వెనకాలంతా సముద్రమే అన్నాడు నాన్న. ఆయన కళ్లు మెరుస్తుంటే నాకూ సంతోషమే అనిపించింది. ఊరు అందంగా ఉంటే కాదనడానికి నేనెవర్ని? అందంగా ఉందని అక్కడే పడి ఉండమంటేనే నాకు చిరాకు.

ఇంకో రెండు స్టేషన్లయితే దిగుతామనగా రైలు ఒక చిన్న స్టేషన్లో ఆగింది. ఎంతకీ కదలదు. రాష్ట్రాన్ని విడగొట్టొద్దంటూ ముందు పట్టాల మీద జనం కూర్చున్నారట. రాష్ట్రం కావాలంటూ మా దగ్గర కూర్చుంటారు, వద్దంటూ ఇక్కడ కూర్చున్నారు. మొత్తానికి కూర్చునేవాళ్లు ఎవరైనా ఆగిపోయేది నా బండే.

మా ఎదురు బెర్తులో ఒక నల్లగొండ పెద్దమ్మ ఉంది. ఎల్‌బీ నగర్‌లో కొడుకు దగ్గర ఉంటుందట, పైబెర్తులో పడుకున్న మొగుణ్ణి వెంటబెట్టుకుని సింహాచలానికి మొక్కు తీర్చుకోవడానికి పోతోంది. ముందురోజు సాయంత్రమంతా గలగలా మాట్లాడిన మనిషి, బయట నినాదాలు వినపడగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నోరు తెరిస్తే ఎటువైపు మనిషో తెలిసిపోతుందని ఆమె భయం. ఈమధ్య దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయల బండి దగ్గర మా అమ్మా ఇలాగే చేస్తోంది. బేరం ఆడకుండా, వేలితో చూపించి తెచ్చుకుంటోంది.

ఇంతలో పెళ్లికొడుకు తల్లి ఫోన్ చేసింది. మేం ఆగిన స్టేషన్ వాళ్ల ఊరికి ఆమడ దూరం కూడా లేదట. రోడ్లకు అడ్డంగా చెట్లు నరికి పడేశారని, ఆటోలు తిరగడం లేదని, కాసేపట్లో వర్జ్యం వచ్చేస్తుందని చెప్పి, "మీరు కదలకండి అన్నయ్యగారూ, మేవే వచ్చేస్తాం" అంది. నాన్న ఎంత వద్దన్నా వినలేదు. పొలం గట్ల మీద మోటారు సైకిలేసుకుని తల్లీ కొడుకూ బయల్దేరిపోయారు.

ఇంక చూడండి హడావిడి. నేను రైలు బాత్‌రూమ్‌లో పట్టుచీర కట్టుకున్నాను. అంచు తడవకుండా కుచ్చిళ్లు పెట్టుకోవడం ఎలాగో ఏ పెద్దముత్తయిదువా నాకు నేర్పలేదు. బోగీ అంతా పెళ్లిచూపుల సంగతి పాకిపోయింది. పక్క కూపేల వాళ్లు పైబెర్తులెక్కి మరీ చోటు చూసుకున్నారు. కానుకగా తెచ్చిన బిస్కెట్ల డబ్బా విప్పి పెట్టలేం, అది కాకుండా మా దగ్గర ఎండిపోయిన చపాతీలు తప్ప ఏమీ లేవని అమ్మ తల పట్టుకుంటే, పెద్దమ్మ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి అమ్మ ఒళ్లో పెట్టింది. "తపాలచెక్క చెల్లె. బియ్యప్పిండిల పల్లీలు, నువ్వులేసి కాల్చిన. సిగ్గెందుకు, పెట్టు" అని గొంతు తగ్గించి చెప్పింది.

పెళ్లికొడుకు తల్లి గట్టి మనిషి. చెమట తుడుచుకుంటూ ఎక్కి, కూర్చుంటూనే ప్రశ్నలు మొదలుపెట్టింది. కాగితం ముక్కల్లో తపాలచెక్క పెట్టి నేనే అందించాను. ఆవిడ కొరికి, "ఇదేంటండీ, పన్ను విరిగేట్టుంది" అంది. అబ్బాయి మాత్రం మాట్లాడకుండా రెండు తిన్నాడు. పెద్దమ్మకు హుషారొచ్చి కొంగు తీసేసింది. "నిమ్మలంగ నమిలి తిను కొడుకా, పళ్లు గట్టిపడ్తయ్" అంది. బోగీ అంతా నవ్వింది. ఆ యాస విని ఎవరూ ఆమెను ఏమీ అనలేదు.

"ఉద్యోగం చేస్తుందన్నారు. పెళ్లయ్యాక మానేస్తుంది లెండి" అంది ఆవిడ. నన్ను అడగలేదు, నాన్నకు చెప్పింది. నాన్న నవ్వి ఊరుకున్నాడు. ఆయన పొద్దున్నించీ అలా నవ్వుతూనే ఉన్నాడు.

"అది సరే, మీరెప్పుడొచ్చేస్తున్నారు అన్నయ్యగారూ?"

"ఎక్కడికండీ?"

"ఇక్కడికేనండీ. ఇంకా అక్కడేం ఉంది మీకు? ధర పడిపోకముందే ఇల్లమ్మేసి వచ్చేయండి. ఇన్నాళ్లూ అద్దెకున్నామనుకోండి, సరిపోద్ది."

నాన్న ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది గానీ, చేతిలో తపాలచెక్క ముక్క నోటిదాకా వెళ్లలేదు.

నేను ఊరుకోలేకపోయాను. "మేం అద్దెకు లేమండీ. నేను ఉద్యోగం మానను, ఆ ఊరు విడిచి ఏడికీ రాను" అన్నాను. కోపం వస్తే నా నోట్లోంచి రెండు యాసలూ కలిసి ఊడిపడతాయి, ఏం చేయను.

అమ్మ నా చెయ్యి గిల్లింది. అబ్బాయి అప్పుడు మొదటిసారి తలెత్తి నావైపు సూటిగా చూశాడు. "మరి వాళ్లే మిమ్మల్ని వెళ్లిపొమ్మంటే?" అని అడిగాడు. వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు.

"అంటే అననీయండి, కొట్లాడతాను. వాళ్లతో కొట్లాడే హక్కు నాకుంది, అది నా ఊరు కనక. మీ ఊళ్లో నేను నోరెత్తితే కోడలికి నోరెక్కువంటారు. అక్కడ పొమ్మనేవాళ్లకూ, ఇక్కడ రమ్మనేవాళ్లకూ నాది ఒకటే జవాబు. నేను కదలను."

"గట్ల చెప్పు బిడ్డా" అంది పెద్దమ్మ. పైబెర్తు మీంచి ఎవరో చప్పట్లు కొట్టారు. పెళ్లికొడుకు తల్లికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నవ్వింది. "నోరున్న పిల్లే. పర్లేదు, మా ఇంట్లో కొన్నాళ్లుంటే అలవాటైపోద్ది" అంది. తిట్టినా అంత మండేది కాదు నాకు.

అప్పుడే ఒక రైల్వే ఉద్యోగి బోగీలోకి వచ్చి చెప్పాడు. రైలు ముందుకు పోదు, వెనక్కి రాజమండ్రి తీసుకుపోయి అక్కణ్ణుంచి తిరిగి హైదరాబాద్ పంపేస్తారు, ముందు ఊళ్లకు పోవాల్సినవాళ్లు ఇక్కడే దిగిపోవాలి. పెద్దమ్మ పైనున్న మొగుణ్ణి తట్టి లేపి, దేవుణ్ణి ఇక్కణ్ణుంచే మొక్కుకుని ఇంటికి పోదామని తేల్చేసింది.

పెళ్లికొడుకు తల్లి లేచింది. "మంచిదే అయింది, దిగిపోండి. ట్రాక్టర్ పంపిస్తాను, మా ఇంట్లో భోంచేద్దురు. పిల్ల నచ్చింది మాకు. మధ్యాహ్నం పెద్దాళ్లని కూర్చోబెట్టి తాంబూలాలు మాట్లాడేసుకుందాం" అంది.

నాన్న లేచి సీటు కింద నుంచి సూట్‌కేసు బయటికి లాగాడు. దిగితే అంతే. ఆ ఇంట్లో భోంచేసి, పెద్దాళ్ల మధ్య కూర్చున్నాక నాన్న కాదనలేడు. నాన్న కాదనకపోతే నా మాట అక్కడ వినేవాళ్లెవరు? కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాను. "నాన్నా, నేను దిగను. కావాలంటే మీరు దిగండి" అన్నాను. "అరవకే, అందరూ చూస్తున్నారు" అంది అమ్మ. చూడనీ అనుకున్నాను, చూడ్డానికేగా ఎక్కి కూర్చున్నారు.

నాన్న నావైపు చూడలేదు. సూట్‌కేసు తెరిచి, వాళ్లకని తెచ్చిన బిస్కెట్ల డబ్బా తీసుకుని, వాళ్ల వెనకే ప్లాట్‌ఫామ్ మీదికి దిగాడు. సూట్‌కేసు బోగీలోనే ఉంది. డబ్బా రెండు చేతులా ఆవిడకు అందించాడు. కిటికీలోంచి నాకు అంతా వినపడుతోంది.

"ఏవీ అనుకోకండమ్మా" అన్నాడు. "ఆ ఇల్లు కట్టేటప్పుడు, ఆఫీసుకెళ్లే ముందు రోజూ నేనూ మా ఆవిడా బిందెలతో మోసుకొచ్చి గోడలకి నీళ్లు పట్టాం. మా పిల్ల అప్పుడు చంకలో ఉంది. అద్దెకుండేవాళ్లు గోడలకి నీళ్లు పట్టరండి."

ఆవిడ ఏదో అనబోయింది. నాన్న దణ్ణం పెట్టాడు. "మా అమ్మాయి మాట మీకు ఒప్పుదలయితే, ఆ ఇంటికే రండి. భోంచేసి వెళ్దురు గాని" అని, వచ్చి మెట్టు పట్టుకుని ఎక్కేశాడు.

రైలు వెనక్కి కదిలింది. అవే కొండలు ఇప్పుడు ఎదురుదిక్కు నుంచి వచ్చాయి. నాన్న నా పక్కన కూర్చున్నాడు. తెరిచి ఉన్న సూట్‌కేసు మూసి, గొళ్లెం పడిందో లేదో మళ్లీ మళ్లీ నొక్కి చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది, గెలిచాననిపించలేదు. "భయంగా ఉందా నాన్నా?" అన్నాను.

"ఉండదేంటే" అన్నాడు నాన్న. "మనింట్లో కూర్చునే భయపడదాం."