పెంకుల సందుల్లోంచి వచ్చిన గ్రహణం

మా చిన్నప్పుడు... గ్రహణం అంటే తలుపుకు గడియ పడాల్సిందే. పొయ్యి ఆర్పేసి, కుండల మీద గరిక వేసి, కిటికీకి గోనెసంచి కట్టి, అమ్మ నన్ను గదిలో ఓ మూల కూర్చోబెట్టేది. మిగతా పిల్లలు ఎలాగోలా వాకిట్లోకి జారుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆ వీలే లేదు... ఎందుకంటే నేను గ్రహణం మొర్రితో పుట్టాను.

మాది పర్ణశాల దాటాక అడవిని ఆనుకుని ఉన్న ఊరు. పసితనంలోనే ఖమ్మం దవాఖానాలో కుట్లు వేశారు. పెదవి కలిసింది, గీత మిగిలింది. అమ్మ మీద పడ్డ నింద కూడా మిగిలింది. కడుపుతో ఉండి గ్రహణం నాడు తునికాకు కోసిందని ఒకరు, కత్తిపీట ముట్టిందని ఇంకొకరు...

నిజానికి ఆ రోజు అమ్మ మంచినీళ్ళైనా తాగకుండా, ఇదే గదిలో కదలకుండా పడుకుందట. చెబితే ఎవరు నమ్మారు? వినీ వినీ చివరికి అమ్మ కూడా తప్పు తనదే అనుకుంది. నాతో మాట్లాడేటప్పుడు నా నుదుటి వైపు చూసేది... పెదవి వైపు చూసేది కాదు. ఆ సంగతి నాకు తెలుసని అమ్మకు తెలియదు.

నేను ఆరో తరగతిలో ఉండగా, చలికాలంలో, పట్టపగలు పెద్ద సూర్యగ్రహణం వచ్చింది. ఖమ్మం నుంచి సైన్స్ వాళ్ళు వ్యాన్‌లో టెలిస్కోపు, నల్ల కళ్ళద్దాలు తెచ్చి మా ఇంటి ఎదురుగా ఉన్న బడి మైదానంలో పెట్టారు. ఇంతటిది మళ్ళీ చూడాలంటే ఏళ్ళు పడుతుందని మైకులో ఒకటే పిలుపు. పోతానని నేను నేల మీద పడి దొర్లాను.

"ఉన్న మూతి చాలదా? ఇంకేం గావాలె నీకు?" అని అమ్మ గడియ పెట్టింది. అనేసి, తనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కాసేపటికి... ఏడుపు ఆపి నేల వైపు చూశాను. మాది గూన పెంకుల ఇల్లు. సందుల్లోంచి ఎండ దిగి, రోజూ నేల మీద గుండ్రంగా మచ్చలు పడేవి. ఆ రోజు ఒక్కటీ గుండ్రంగా లేదు. అలికిన నేల నిండా చిన్న చిన్న వెలుగు కొడవళ్ళు! ఒకటి నా చేతి మీద కూడా పడింది.

"అమ్మా... చూడే!"

అమ్మ బిత్తరపోయింది. నన్ను దగ్గరికి లాక్కుని కొంగు కప్పింది. ఆ కొంగు మీద కూడా అవే. పైకప్పు వైపు చూస్తూ, "గిట్ల వచ్చిందా లోపలికి..." అంది నెమ్మదిగా. నేను కడుపులో ఉన్నప్పుడు కూడా ఇలాగే వచ్చి నన్ను తాకిందనుకుంది, పిచ్చి తల్లి.

గడియ తీసి, నా చెయ్యి పట్టుకుని, గ్రహణం విడవకముందే మైదానంలోకి నడిచింది. టెలిస్కోపు దగ్గర ఒక మేడం ఒక్కతే నిలబడి ఉంది. ఊరు ఊరంతా ఇళ్ళల్లోనే ఉంది మరి.

"మేడం... నేను ఆ దినం బయటికి రాలే. ఇంట్లనే ఉన్న. పెంకుల సందులకెళ్ళి వచ్చి నా బిడ్డ మూతికి తగిలిందా?"

మేడంకు ముందు ఏమీ అర్థం కాలేదు. నా పెదవి చూశాక అర్థమైంది. చేతిలో ఉన్న కళ్ళద్దాలు పక్కన పెట్టి అమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"లేదక్కా. అది రోజూ మీ ఇంట్ల పడే ఎండనే. ఇయ్యాల చంద్రుడు అడ్డం వచ్చిండు, అందుకే గట్ల కనిపించింది. అది ఎవర్నీ ఏం చెయ్యదు. గ్రహణం లేనప్పుడు గూడ గిట్ల పిల్లలు పుడతరు. నీ తప్పేం లేదు."

"అవ్‌నా?"

"అవ్ అక్కా."

అమ్మ అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. కుట్లు వేసిన దవాఖానాలో కూడా ఆ ఒక్క మాట అమ్మకు ఎవరూ చెప్పలేదు... పదకొండేళ్ళు!

తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని ముందు తనే చూసింది. ఆ తర్వాత నాకు పెట్టింది. నేను సూర్యుణ్ణి చూస్తున్నంతసేపూ అమ్మ నా పెదవినే చూస్తూ ఉంది.

ఇప్పుడు గ్రహణమంటే ఫోన్‌లోనే లైవ్... మంచిదే. కానీ ఆ రోజు మా అమ్మ అడిగిన మాట ఏ తల్లైనా ఫోన్‌ని ఎలా అడుగుతుంది?

మీ ఇళ్ళల్లో గ్రహణాలు ఎలా గడిచాయో కింద రాయండి... చదవాలని ఉంది. మీ ఇంట్లో కూడా ఏ తల్లైనా తనది కాని తప్పు మోస్తుంటే మాత్రం, రాయడం తర్వాత. ముందు లేచి వెళ్ళి ఆమెకు ఆ మాట చెప్పి రండి.