బరిలోకి రానివ్వని గిత్తలు

ఎద్దుకు పళ్ళు చూసి పోటీకి అర్హత తేలుస్తాం. మరి మనిషికి ఏం చూసి తేలుస్తున్నాం, చెప్పండి?

మొన్న తిరునాళ్ళకు మాచవరం దగ్గర బండలాగుడు పందేలు జరిగాయి. మా పక్కింటి ఆవిడ తన గిత్తల జతను తెచ్చింది. భర్త కొన్న జత అది. ఆయన పోయాక ఆవిడే ఉలవలు ఉడకబెట్టి మేపింది, ఇసక బస్తాలు కట్టి లాగడం నేర్పింది. కమిటీ వాళ్ళు గిత్తల నోళ్ళు తెరిచి, పళ్ళను బట్టి వయసు చూసి, రెండు పళ్ళ విభాగానికి సరేనన్నారు. తోలేదెవరని అడిగితే నేనే అంది. అక్కడ ఆగిపోయింది.

మరిది పేరు రాయించమన్నాడు కమిటీ పెద్ద. ఏ గిత్తను ఏ పక్క కట్టాలో కూడా అతనికి తెలియదని ఆవిడ ఒప్పుకోలేదు. నేను కరపత్రంలోని నియమాలు పైకి చదివాను. ముల్లుకర్రతో పొడిస్తే అనర్హత అని ఉంది. భర్త పోయిన మనిషి తోలకూడదని ఎక్కడుందో చూపించమన్నాను.

"అన్నీ రాస్తారా ఏంది మాస్టారూ? కొబ్బరికాయ కొట్టిన బరి. బొట్టు లేని మనిషి ముందు నడిస్తే ఎట్టా?" అన్నాడు కమిటీ పెద్ద.

"రోజూ వాటి ముందు నడిచేది నేనే గదా బాబాయ్. ఏమైంది వాటికి?" అంది ఆవిడ.

"ఇయ్యాల ఏమన్నా అయితే ఊరంతా నిన్నే అంటారమ్మాయ్. నీ మంచికే చెప్తన్నా."

మాస్టారిని కూడా కాడికి కట్టండని వెనకనుంచి ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు.

కాసేపటికి ఆ జతకు అనర్హత అని మైకులో చెప్పారు. కారణం చెప్పలేదు. కర్రకు మేకు దిగ్గొట్టి గిత్తను నెత్తురొచ్చేలా పొడిచినవాణ్ణి మాత్రం మందలించి వదిలేశారు. వాడికి రెండో బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందించినాయన ఓ కేసులో శిక్షపడి, అప్పీలు చేసుకుని బెయిలు మీద తిరుగుతున్న నాయకుడు. ఎన్నికల్లో నిలబడడానికి చట్టం ఆయన్ని ఒప్పుకోదు. మన వేదిక శాలువా కప్పింది.

ఆవిడ గిత్తల్ని తోలుకుని ఇంటిదారి పట్టింది. నేనూ వెంట నడిచాను.

"అమ్మెయ్యమంటావా అన్నా?"

వచ్చే తిరునాళ్ళదాకా ఉంచమన్నాను. అప్పుడు మాత్రం రానిస్తారా అంది.

దానికి జవాబు మీ దగ్గరుంది. కమిటీ వాళ్ళు చందాకు మీ గుమ్మం ముందుకొస్తారు. భర్త ఉన్నా పోయినా, ఆడమనిషి తన జతను తానే తోలవచ్చని నియమాల్లో అచ్చు వేయమనండి. వేయకపోతే ఒక్క రూపాయి ఇవ్వకండి.