కుడికి తిరిగిన నాలుక

1958లో నన్ను హిందూపురం ప్రభుత్వాసుపత్రిలో అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. గాయాల సర్టిఫికెట్ రాసే అధికారం ఆ హోదాకు ఉండేది. పై అధికారి కాదంటే మాత్రం అది చిత్తుకాగితమే.

ఆ వేసవిలో ఆదెప్ప అనే అతన్ని బెల్లం మండీ నుంచి మోసుకొచ్చారు. తలుపుల అనే ఊరి దగ్గరి రైతు కుటుంబం వాడు, మండీలో గొంతెత్తి వేలం పాట నడిపేవాడు. పాట దగ్గర మాటా మాటా పెరిగి ఒక వ్యాపారి కొడుకు కత్తితో పొడిచాడు. కుడి దవడ కింద గాయం, చూడటానికి చిన్నదే. నాలుక చాపమంటే మాత్రం అది కుడికి వంకర తిరిగింది. మాట ముద్దగా వస్తోంది. ఆ గొంతుతోనే ఇల్లు గడుపుకునేవాడికి ఇంకేం మిగిలింది? నాలుకను ఆడించే నరం తెగిందని, ఇది తీవ్ర గాయమని రాసిచ్చాను.

వ్యాపారి ఊరుకోలేదు. రెండో అభిప్రాయం కావాలని పట్టుబట్టాడు. ధర్మవరం క్యాంపులో ఉన్న మా పై అధికారి దగ్గరికి ఆదెప్పను, వాళ్ళమ్మను తీసుకుని వెళ్ళాను.

ఆయన నాలుక చూసి నవ్వారు. ముఖానికి పక్షవాతం వస్తే మూతి మంచివైపుకే పోతుంది కదా, కుడివైపు దెబ్బ తగిలితే నాలుక ఎడమకు పోవాలి, వీడు నటిస్తున్నాడన్నారు.

గడ్డం ఎముక లోపలి నుంచి విసనకర్రలా నాలుకలోకి విచ్చుకునే కండరం ఉంది. దాని పేరు జీనియోగ్లాసస్. కుడికొకటి, ఎడమకొకటి. మూతిని కండరాలు లాగుతాయి, ఇది నాలుకను ముందుకు తోస్తుంది. కాడికి కట్టిన కుడి ఎద్దు చతికిలబడితే, ఎడమది ఒక్కటే నడిచి బండిని కుడికి తిప్పేస్తుంది, నాలుకా అంతేనని మనవి చేశాను. నువ్వు పుట్టకముందు నుంచి నాలుకలు చూస్తున్నానంటూ ఆయన స్వల్ప గాయమని రాసేశారు.

"నా కొడుకు దొంగేసాలు ఏస్తాండాడా సామీ? సంగటి ముద్ద మింగలేక ఏడుస్తాండాడు గదప్పా!" అంది తల్లి. ఆయన అప్పటికే తరువాతి రోగిని పిలిచారు.

కేసు చిన్నదైపోయింది. పెనుకొండ కోర్టులో ముద్దాయి తప్పు ఒప్పుకుని, జరిమానా కట్టి, మధ్యాహ్నానికల్లా హిందూపురంలో ఉన్నాడు.

కొన్ని నెలలకు ఆదెప్ప నాలుక కుడి సగం ముడతలు పడి వడలిపోయింది. నరం తెగిన కండరం అలాగే ఎండిపోతుంది, దాన్ని ఎవడూ నటించలేడు. ఆయన మళ్ళీ ధర్మవరం క్యాంపుకొచ్చినప్పుడు తీసుకెళ్ళి చూపించాను. పై అధికారి టార్చి వేసి చాలాసేపు చూశారు. "కేసు అయిపోయింది కదయ్యా," అన్నారు. ఒకసారి శిక్ష పడిన నేరానికి మళ్ళీ విచారణ ఉండదని ప్లీడరూ చెప్పాడు. ఆదెప్ప అదే మండీలో గోతాలు కుట్టే పనికి కుదిరాడు.

మరుసటి ఏడు కొత్త డాక్టర్లకు పాఠం చెప్పడానికి పై అధికారి ఆదెప్పను పిలిపించారు. అడిగినప్పుడల్లా వాడు నాలుక చాపాడు. జీనియోగ్లాసస్ గురించి ఆయన చక్కగా వివరించారు, ఎద్దుల పోలికతో సహా. వెనక వరుసలో కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది. పాఠం అయ్యాక ఆదెప్ప నా దగ్గరికొచ్చి, "ఇబ్బుడు నమ్మినారా సామీ?" అని ముద్దముద్దగా అడిగాడు.

నమ్మారని చెప్పాను. మా శాఖలో నిజం నెగ్గడానికీ, రోగికి న్యాయం జరగడానికీ సంబంధం ఉండనక్కర్లేదని నేను నేర్చుకున్నది అక్కడే.