నాన్న సముద్రం చేరినట్టు రుజువు

నేను వేసిన ఒక జోకు వల్ల డిసెంబరు చలిలో వణుకుతూ సముద్రాన్ని ఫొటోలు తీయవలసి వచ్చింది. జోకులకు శిక్షలుంటాయని అంతవరకు తెలియదు. ముందే ఉండి ఉంటే నా బాల్యమంతా జైల్లో గడిచేది.

నాన్న జంషెడ్‌పూర్‌లో, టాటానగర్ రైల్వేలో ఫిట్టర్. పుట్టింది శ్రీకాకుళం వైపు, సముద్రపు ఒడ్డున. ముప్పై ఏళ్ళు ఇనుము మధ్య బతికి, పోయాక మాత్రం తనను సముద్రంలో కలపమన్నాడు. దసరా వెళ్ళాక పోయాడు. అంత దూరం వెళ్ళే ఓపిక ఎవరికీ లేకపోయింది. "సువర్ణరేఖ నది మాత్రం ఎక్కడికెల్తాదిరా, సముద్రానికే కదా" అని పెదనాన్న తేల్చేశాడు. ఊరి చివర రెండు నదులు కలిసే చోట అస్థికలు కలిపేశాం. నాకు ఏడుపు రాలేదు. అందరూ చూస్తున్నారు కాబట్టి ముక్కు తుడుచుకున్నాను. జలుబు కూడా లేదు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం భాలుబాసా పేట నుంచి పిన్ని వచ్చింది. మాటల్లో అమ్మ, "ఈపాటికి మీ బావ సముద్రానికి ఎల్లిపోయుంటాడు" అంది.

నేను ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే అన్నాను: "ఎక్కడికమ్మా, దిగువన నదికి అడ్డంగా బరాజ్ ఉంది. చలికాలం గేట్లు మూసేస్తారు. నాన్న ఔటర్‌లో ఆగిపోయి ఉంటాడు, సిగ్నల్ దొరక్క."

పిన్ని నవ్వింది. అమ్మ నవ్వలేదు.

"నిజంగా మూసేత్తారేట్రా?"

"అరే మా, మజాక్ థా."

"మజాకు తర్వాత. మూసేత్తారా, ముయ్యరా?"

"కొంచెం నీళ్ళు వదులుతార్లే."

"కొంచెవంటే ఎంత?"

ఆ రోజు నుంచి అమ్మ కంచం ముందు కూర్చోవడం, రెండు ముద్దలు తిని లేచిపోవడం. అడిగేది ఒకటే: ఆ నది సముద్రంలోకి వెళ్ళడం నువ్వు చూశావా? ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించాను. నీలం గీత వెళ్ళి నీలం మచ్చలో కలిసింది.

"అది రంగురా. నీళ్ళు సూపించు" అంది.

ఖరగ్‌పూర్‌లో రైలు మారి, జలేశ్వర్‌లో దిగి, ఒక బస్సూ రెండు ఆటోలూ ఎక్కి పొద్దున్నే నది చివరికి చేరాను. పొగమంచు. బూడిద రంగు ఇసుక, బూడిద రంగు నీళ్ళు, వాటి మీద అదే రంగు ఆకాశం. ఫోన్‌ని మా ఊరి కార్ఖానా పొగగొట్టాల వైపు తిప్పి నొక్కినా ఇదే ఫొటో వచ్చేది. వేళ్ళు మొద్దుబారాయి. మొద్దుబారినవి వేళ్ళు మాత్రమే అయితే ఎవరికైనా చెప్పుకోవడానికి బాగుండేది.

నలభై ఫొటోలు, ఒక వీడియో తీశాక, పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన ఏం తీస్తున్నావని అడిగాడు. నది సముద్రంలో కలవడం అని హిందీలో చెప్పాను. ఆయన ఫోన్‌లోకి తొంగి చూశాడు.

"ఇందులో సముద్రమే నదిలోకి వెళ్తోంది కదా బాబూ" అన్నాడు, ఒడియా కలిపిన హిందీలో.

చూశాను. నిజమే. నురగ, పుల్లలు, ఎవరిదో ఒంటి చెప్పు, అన్నీ కలిసి జంషెడ్‌పూర్ వైపు బయల్దేరాయి. పోటు. ఆటుపోట్ల గురించి పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నవాణ్ణి. మా ఇంట్లో ఏ రైలు ఎన్నింటికో అందరికీ నోటికొచ్చు. సముద్రానికీ టైంటేబుల్ ఉంటుందని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

ఈ వీడియో అమ్మకు చూపిస్తే ఏమవుతుందో ఊహించాను. బరాజ్ దగ్గర ఆగిపోవడమే నయం, ఇందులో నాన్న ఏకంగా ఇంటికే వస్తున్నాడు. డిలీట్ చేశాను.

"ఎప్పుడు తిరుగుతుంది?" అని పెద్దాయన్ని అడిగాను.

"తిరిగినప్పుడు కనిపిస్తుంది. కూర్చో."

అయిదు గంటలు కూర్చున్నాను. నాన్న గురించి ఆలోచిద్దామనుకున్నాను. చలి గురించే ఆలోచించాను. మధ్యాహ్నం దాటాక నీళ్ళు కాసేపు ఎటూ కదలక నిలబడ్డాయి. ఆ తర్వాత నది వైపు నుంచి గుర్రపుడెక్క గుంపు ఒకటి, చాపంత ఉంటుందేమో, మెల్లగా వచ్చింది. లేచి వీడియో తీశాను. అది సముద్రం వైపు సాగి, మొదటి అల మీద ఊగి, మంచులోకి పోయింది.

మర్నాడు అమ్మ ఫొటోలన్నిటినీ వేలితో గబగబా తోసేసింది. "ఏది నదో, ఏది సముద్రవో. అంతా మసకే. ఇందుకా ఎల్లేవు?"

వీడియో పెట్టాను.

"ఆ పచ్చగున్నదేటి?"

"గుర్రపుడెక్క. నదిలోంచి వచ్చింది. సముద్రంలో అది బతకదు."

"మనకాడ వంతెన కింద ఉంటాదే, అదేనా?"

"అదే."

"అయితే బరాజు దాటే వచ్చినట్టా?"

బరాజ్‌కి దిగువన ఏ మడుగులోనో పుట్టి ఉండవచ్చు. ఆ మాట అనడానికే నోరు తెరిచాను. అమ్మ నన్ను చూడటం లేదు, తెరనే చూస్తోంది.

"దాటే వచ్చిందమ్మా" అన్నాను.

మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ వేశాను. మూడోసారి ఆ పచ్చదనం మంచులోకి పోయాక ఫోన్ నా చేతిలో పెట్టేసి, "ఎల్లిపోనాడు" అంది.

తర్వాత వెళ్ళి కంచం తెచ్చుకుంది. రెండోసారి అన్నం పెట్టుకుంటూ, వంకాయ కూరలో ఉప్పు తక్కువైందని నన్ను తిట్టింది. వండింది తనే.