కొత్త నాన్న

మా ఫరీదాబాద్ అపార్టుమెంటులో నీళ్ళ ట్యాంకు కడిగినప్పుడల్లా, బ్లీచింగ్ పౌడరు వాసన రాగానే ఇప్పటికీ నేను కిటికీలన్నీ మూసేస్తాను. నాన్న బాప్తిస్మం రోజున కూడా అదే వాసన.

అప్పుడు నాకు ఏడేళ్ళు. మా తెలుగు క్రైస్తవ సంఘం అద్దెకు తీసుకున్న స్కూలు ఆవరణలో ఇటుకలు పేర్చి, నీలం టార్పాలిన్ పరిచి తొట్టి కట్టారు. "మునిగినప్పుడు పాత మనిషి చనిపోతాడు. లేచేవాడు కొత్త మనిషి," అని పాస్టరుగారు ముందు ఆదివారమే చెప్పారు. వారమంతా నాకు అన్నం సహించలేదు. ఆ కొత్త మనిషికి నేనెవరో తెలుస్తుందా?

నాన్న తెల్ల లాల్చీ తొడుక్కుని, విడిచిన చొక్కా నా చేతికిచ్చాడు. "పట్టుకో తల్లీ, అభీ ఆతా హూఁ, ఇప్పుడే వచ్చేస్తా." జేబులో ఆయన నమిలే ఖైనీ పొగాకు డబ్బా గట్టిగా తగిలింది. మునగొద్దని చెప్పేలోపే ఆయన తొట్టిలోకి దిగిపోయాడు. పాస్టరుగారు ఆయన్ని వెనక్కి వాల్చారు. నీళ్ళు మొహం మీద మూసుకున్నాయి.

లేచాడు. దగ్గుతూ, వణుకుతూ, నన్ను చూడకుండానే పక్కగదిలోకి వెళ్ళిపోయాడు. నేను చొక్కాని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

ఒళ్ళు తుడుచుకుని బనీనుతో బయటికొచ్చి, నా చేతిలోంచి చొక్కా తీసుకుని, ముందుగా జేబు తడిమి చూసుకున్నాడు.

"అమ్మా, పాత నాన్నే!" అని ఎగిరి గంతేశాను.

అమ్మ కూడా ఆ జేబు వైపే చూస్తోంది. నాన్న ఆ ఖైనీ మానాలని ఆమె ఎన్నేళ్ళుగా మోకరించి ప్రార్థిస్తోందో నాకు అప్పటికి తెలియదు.

"చూశానే," అంది, తడి లాల్చీ పిండుతూ.