క్యారేజీ పిడి

ప్రొఫెసర్ సుహందాను అందరూ 'పాక్' అనేవారు, అంటే అయ్యగారని. ఆయన ముందు "చేరింది" అన్న మాట ఎత్తితే చాలు, మనిషికి పూనకం వచ్చేది. ఓసారి భోజనం పొట్లం తెచ్చిన బండివాడు దాన్ని ప్రయోగశాల గుమ్మంలో పెట్టి పోబోయాడు. ఈయన మెట్లకు అడ్డం పడ్డాడు.

"చేరిందని ఫోనులో నొక్కేశావా?"

"నొక్కాను పాక్. గుమ్మంలోనే ఉందిగా!"

"గుమ్మంలో ఉంటే నా కడుపులో ఉన్నట్టా?"

ఇండోనేషియాలోని బండుంగ్ ఊరి వాన ఒకపక్క, వీళ్ల వాదన ఒకపక్క. చివరికి బండివాడే ఓడి, పొట్లం చేతికిచ్చి, ఈయన పెట్టగా అందులో సగం తిని మరీ వెళ్లాడు.

"ఇంత చదివి పొట్లంతో తగువా!" అని మూతి తిప్పుకుంది, సీసాలు కడిగే ఎంతిన్. ఆమెను ఆయన 'బూ' అనేవాడు, అంటే అమ్మా అని.

ఆయన చదువూ పొట్లాలదే మరి. జీవకణంలో సరుకు మోసే బుల్లి సంచులుంటాయట. సంచి మీదో ప్రోటీన్ పోగు, చేరాల్సిన గోడ మీద దాని జత పోగు. రెండూ జడలా పెనవేసుకుంటేనే సంచీ గోడా ఒకటై సరుకు అవతలికి దిగుతుంది. ఇది చూపించడానికి పక్కపక్కన కూర్చున్న విద్యార్థుల బూట్ల తాళ్లు కలిపి పేనేవాడు. వాళ్లు లేచి బోర్లా పడేవారు.

"కొన్ని సంచులు గోడదాకా వచ్చి ఆగిపోతాయి బూ ఎంతిన్. ఒక ప్రోటీన్ గడియలా అడ్డుంటుంది. అది జారితే రెప్పపాటులో కలిసిపోతాయి."

"నా సీసాలు ఆరాలి, జరగండి."

కసిరిందే కానీ, ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. అమ్మ పోయాక ఆమె కట్టిన బాతిక్ అద్దకపు గుడ్డ ఎవరిదని తగువొచ్చి, అక్క కొకొమ్‌తో మాటలు పోయి ఏళ్లయింది. ఏటా రంజాన్ పండుగ ముందురోజు అక్కకిష్టమైన కూర వండి, క్యారేజీ ఆమె గేటుకు తగిలించి వచ్చేస్తుంది. పండుగనాడు అదే క్యారేజీ ఎంతిన్ గేటుకు వేలాడుతుంది, కొబ్బరిపాల కోడికూరతో. అచ్చం అమ్మ చేతి రుచి. అక్క జుట్టు నెరిసిందో, మోకాళ్లు ఎలా ఉన్నాయో అనుకుంటూ, అయిపోతుందేమోనని కొంచెం కొంచెంగా తింటుంది.

ఈసారి పని కాగానే ఇటునుంచి ఇటే వెళ్దామని క్యారేజీ ప్రయోగశాలకే తెచ్చుకుంది. చేతులు తుడుచుకుని వచ్చేసరికి గిన్నెలున్నాయి, పిడి లేదు.

"పాక్! నా క్యారేజీ పిడి ఏదీ?"

"నా జేబులో. ఇవ్వను."

"మరి గిన్నెలు దేనికి తగిలించను, మీ మెడకా?"

"తగిలించకూడదనే తీశాను. పోయినేడు పండుగ మిఠాయి మీ చేతికే ఇద్దామని మీ ఇంటికొచ్చాను బూ. మీరు చెప్తుండే మీ అక్క, అచ్చం మీ పోలికే, క్యారేజీ తగిలించి మీ గేటు పట్టుకుని నిలబడి ఉంది. ఎంతకీ కదలదే! సందు చివరే ఆగిపోయాను. మిఠాయంతా నేనే తినాల్సొచ్చింది."

ఎంతిన్ తగువు మానేసి, పిడి కోసం చాచిన చెయ్యి దించింది. అది ఆ ప్రయోగశాలలో ఎన్నడూ జరగని వింత.

ఆయన గిన్నెలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

"రెండు చేతులూ నిండాయిగా? ఇక తలుపు కొట్టలేరు. బయట నిలబడి 'అక్కా' అని పిలవండి. ఆవిడ రెండు చేతులూ గిన్నెల కిందికి వచ్చేదాకా మాత్రం వదలకండి."