గోడకు అవతలి చలి మాటలు

మా పక్కింటి ఆంటీ పోయారు. స్కూల్ బస్ దిగుతుంటే అమ్మ మెసేజ్ వచ్చింది: "ఆంటీ పొద్దున కిచెన్‌లో పడిపోయారట. లేరు. త్వరగా రా."

అమెరికాలో మన అరోరా తెలుగువాళ్లలో చాలామందికి ఆమె 'చలి మాటల ఆంటీ'. రిటైరైన లింగ్విస్టిక్స్ ప్రొఫెసర్. స్కాట్లాండ్‌లోని స్కాట్స్, నెదర్లాండ్స్ ఉత్తర తీరంలోని ఫ్రిసియన్, ఈ రెండు భాషల్లోనూ ఒకే మూలం నుంచి పుట్టిన విశేషణాలను కార్డుల మీద రాసి షూ బాక్సుల్లో దాచేవారు. పాట్‌లక్ విందులో ఒక అంకుల్, "తెలుగుకేం తక్కువైందండీ, ఆ చలి దేశాలు పట్టుకున్నారు?" అంటే, "తెలుగుకి మీరున్నారుగా!" అని గారె కొరికారు.

నన్ను జీపీఏ అడగని ఒకే ఒక్క ఆంటీ ఆమె.

'చల్లని' అనే మాట రెండు భాషల్లోనూ రాస్తే దాదాపు ఒకటే. స్కాట్స్ వాళ్లు 'కాల్డ్' అంటారు, ఫ్రిసియన్ వాళ్లు 'ల' మింగేసి 'కాట్' అంటారు. "అక్కచెల్లెళ్లే. మధ్యలో సముద్రం వచ్చింది, అంతే," అనేవారు. నేను తొందరపడి ఏవో రెండు మాటలు జత చేస్తే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "మొహాలు కలిస్తే చుట్టాలైపోరు పిల్లా. పాత రాతల్లో సాక్ష్యం చూపించు." సాక్ష్యం దొరకనివి పెన్సిల్‌తో, దొరికినవి ఇంకుతో. ఇంకుతో రాసే పని నాది.

ఆ సాయంత్రాలన్నీ నేను లైబ్రరీలో కెమిస్ట్రీ చదువుతున్నానని అమ్మ అనుకునేది.

అక్టోబర్‌లో ఒక సాయంత్రం ఆంటీ బాక్స్ అందుకోబోయి తూలి, కింద కూర్చుండిపోయారు. పెదాలు తెల్లబడ్డాయి.

"911కి కాల్ చేయనా ఆంటీ?"

"వద్దు వద్దు. మా అమ్మాయికి తెలిస్తే రేపే ఎడిసన్‌లో తనింటికి లాక్కుపోతుంది. నీ లైబ్రరీ సంగతి నేను చెప్పను, నా సంగతి నువ్వు చెప్పకు. డీల్?"

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఇంకో రెండుసార్లు తూలారు. చెబితే నా అబద్ధం బయటపడుతుందని నేను నోరు విప్పలేదు.

మా రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే. ఆమె పోయాక రెండు రోజులు అవతల ఎవరూ లేరు. అయినా నేను స్కూల్ నుంచి రాగానే కుర్చీ జరిగిన చప్పుడు వినిపించేది. ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. అవతల కూడా ఎవరో అలాగే నిలబడ్డట్టుండేది.

శనివారం అమ్మా నేనూ భోజనం తీసుకెళ్లాం. ఎడిసన్ నుంచి వచ్చిన ఆంటీ వాళ్లమ్మాయి తలుపు తీసి, పప్పు గిన్నె అందుకుంది.

"అమ్మకి ఏ జబ్బూ లేదండీ. ఒక్క సింప్టమ్ ఉన్నా నేను వచ్చేసేదాన్ని," అంది.

"అంత దూరంలో ఉన్నదానివి, నీకెలా తెలుస్తుందమ్మా," అంది అమ్మ.

నేను వాళ్లమ్మాయి వైపు తిరిగాను.

"అక్కా, ఆంటీకి కళ్లు తిరిగేవి. మూడుసార్లు. నేను పక్కనే ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు." అమ్మ వైపు చూడకుండానే అన్నాను, "లైబ్రరీకి వెళ్లలేదమ్మా. రోజూ ఇక్కడికే వచ్చాను."

అక్క తలుపు వేయలేదు, లోపలికి రమ్మనలేదు. గిన్నె మూత పక్కకి జరిగింది. పప్పు ఆవిరికి ఆమె కళ్లద్దాలు పూర్తిగా మసకబారాయి. ఆమె తుడుచుకోలేదు. ఆ తెల్లటి అద్దాల వెనక కళ్లు నా వైపే ఉన్నాయో లేదో, నాకు కనిపించలేదు.